టాపు లేని కారు

మా చర్చి సంఘంలో పెళ్ళి జరిగితే పాస్టరు అయ్యగారు తప్పకుండా చదివే బైబిలు వాక్యభాగం ఒకటుంది. గుణవతి అయిన ఇల్లాలి గురించి. ఆవిడ చీకటితోనే లేస్తుంది, ఇంటిల్లిపాదికీ వండి పెడుతుంది, పొలం ఒకటి చూసి కొంటుంది. నా పెళ్ళిలోనూ అదే చదివారు. ఆ పూటనుంచి నాకొక అనుమానం ఉండిపోయింది. పొలం కొనేముందు ఆవిడ మొగుణ్ణి అడిగిందా? అడిగిందనీ రాయలేదు, అడగలేదనీ రాయలేదు. ఆ మొగుడు మాత్రం పెద్దల సరసన కూర్చుని ఉన్నాడని ఉంది. ఇంటికొచ్చాక సంగతి తెలిసి ఏమన్నాడో?

అయ్యగారిని అడగడానికి మొహమాటపడ్డాను. ఏడో తరగతితో చదువు ఆపి ఉలి పట్టినవాణ్ణి. వాక్యం మీద ప్రశ్నలేస్తే విశ్వాసం పలచబడిందనుకుంటారేమోనని భయం. పద్ధెనిమిదేళ్ళు ఆ అనుమానం మనసులోనే పెట్టుకు తిరిగాను. డెబ్భై ఆరు ఎండాకాలంలో అది మా ఇంటి గుమ్మంలోకే వచ్చి కూర్చుంది.

ఆ ఏడు ఈస్టరు వెళ్ళగానే మా ఆవిడ పుష్పవతికి ఒక పని దొరికింది. మా దీవిలో ఓడరేవు పక్కన, హడ్డోలో ఒక పెద్ద గెస్ట్ హౌస్ మెస్సు. వాళ్ళకి గుడ్లు మద్రాసు ఓడలో వచ్చేవి. ఓడ ఆలస్యమైతే సగం కుళ్ళిపోయేవి. పుష్పవతి చాలాకాలంగా డాలీగంజ్‌లో కోళ్ళు పెంచుతోంది. చుట్టుపక్కల పన్నెండిళ్ళ ఆడవాళ్ళ దగ్గరా గుడ్లు పోగుచేసి బంగళాల్లో అమ్ముతుంది. మెస్సు మేనేజరు ఒక మాట చెప్పాడు. జూన్ ఒకటి నుంచి రోజూ నూటయాభై గుడ్లు పొద్దున్న ఏడుకి ముందే చేరాలి. పగిలినవి అయిదుకి మించకూడదు. పదిరోజులు చూస్తాడు. నచ్చితే ఏడాది పొడవునా ఆవిడ దగ్గరే తీసుకుంటాడు, లేదంటే మళ్ళీ ఓడ గుడ్లే.

మొదటి బస్సు ఏడున్నరకి. నెత్తిన గంపతో నడిస్తే అరవై గుడ్లకన్నా మోయలేదు. కాబట్టి బండి ఒకటి కావాలి.

ఏప్రిల్, మే నెలలు మా దీవుల్లో బదిలీల కాలం. మెయిన్‌లాండ్ వెళ్ళిపోయే ఆఫీసర్లు మంచాలు, బీరువాలు, కుక్కలు, కార్లు అమ్ముకుంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద దేవకుమార్ నా భుజం మీద చెయ్యి వేశాడు. అబర్దీన్ బజారులో ఆయనకి సామాన్ల కొట్టుంది. ఊళ్ళో ఎవరు ఏది అమ్ముతున్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

“జీవరాజూ, నాలుగు తలుపుల కారొకటి వచ్చింది. నీ కోసమే ఆపాను. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు ముగ్గురూ. చర్చి మెట్ల ముందు దిగితే ఎలాగుంటాది, చెప్పు.”

ఎలా ఉంటుందో నాకు కళ్ళకి కట్టింది. మా నాన్న కాకినాడ నుంచి ఓడ దిగినప్పుడు చేతిలో ఒక చాప, ఒక కుండ. ఆయన కొడుకు కారులోంచి దిగుతాడు.

“ఎంతంటున్నారు?”

“ఉన్నదంతా పెట్టు. చాలనిది నేను సర్దుతాను. మనలో మనకేంటి.”

“సరే, మాదే అనుకోండి,” అన్నాను.

ఉన్నదంతా అంటే గుడ్ల మీద పుష్పవతి దాచుకున్నది. ఆ సంగతి నాకు నోరు జారాకనే తోచింది.

ఇంటికొచ్చేసరికి ఈ కబురు నాకన్నా ముందే చేరింది. పుష్పవతి పెరట్లో కోళ్ళకి నూకలు జల్లుతోంది. నా వైపు తిరగలేదు.

“కారు కొన్నామట కదా.”

“కొనలేదు, మాటిచ్చాను. బాగుంది పుష్పా. అందరం పడతాం.”

“మీరు చూసింది చర్చి ముందు మనం దిగడానికి. నేను చూస్తున్నది మెస్సు దగ్గర గుడ్లు దించడానికి.” చేట దులిపింది. “ఆ వంటింటి సందులోకి మీ కారు పట్టదు. కొంగుతో కొలిచొచ్చాను. పైన రోడ్డు మీద ఆపి, నూటయాభై గుడ్లు మోసుకుంటూ నలభై మెట్లు దిగాలి. వానాకాలం పాచి పట్టిన మెట్లు.”

“మరి?”

“సాయంత్రం నాతో రండి. ఒకటి చూపిస్తాను.”

అటవీ శాఖలో ఒక కుర్ర ఆఫీసరు క్వార్టర్సు వెనక, టార్పాలిన్ కింద ఉందది. టార్పాలిన్ తీయగానే నాకు నవ్వొచ్చింది. ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగుకి తిరిగిన చిన్న ఇంగ్లీషు కారు. ముందు పొడవాటి ముక్కు, వెనక తగిలించిన స్టెప్నీ, మధ్యలో రెండంటే రెండే సీట్లు. పైన టాపు లేదు, చిరిగిన కాన్వాసు మడత మాత్రం ఉంది. సినిమాల్లో పడుచు జంటలు తిరిగే బండి.

“పుష్పా, ఎనిమిది నెలలు వానలు కురిసే ఊళ్ళో టాపు లేని కారా?”

“అందుకే ఎవరూ కొనడం లేదు. అందుకే మనకి అందుతోంది. పెట్రోలుకి కూడా మిగులుతుంది.”

“రెండే సీట్లున్నాయి.”

“ఒకటి నాది. ఒకటి గుడ్లది.”

“మరి నేను?”

“మీకు వర్క్‌షాప్ లారీ ఉందిగా.”

ఆఫీసరు బయటికొచ్చాడు. “ఆయియే, భాభీజీ,” అన్నాడు. అంటే ఆవిడ ఇంతకుముందే వచ్చిందన్నమాట. బానెట్ ఎత్తబోతుంటే వద్దన్నాను.

“ఇంజన్ మా సూరయ్య చూస్తాడు, సాబ్. నాకు కర్ర చూపించండి.”

ఆ కుర్రాడు తెల్లబోయాడు. నేను సర్కారు పడవల వర్క్‌షాప్‌లో వడ్రంగిని. పడవ కొనేవాడు రంగు చూడడు, లోపలి పక్కటెముకలు చూస్తాడు. ఇలాంటి పాత కార్లకి పైన రేకేగాని లోపల చట్రమంతా కర్రే అని మా పాత మేస్త్రీ చెప్పేవాడు. నేలమీద బోర్లా పడుకుని, తలుపు కమ్ములు, అడుగు చెక్కలు, సీటు వెనక బద్దలు ఒక్కొక్కటే వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాను. ఆరోగ్యంగా ఉన్న కర్ర టకటకమని బదులిస్తుంది. పుచ్చిన కర్ర ఉలకదు. ఎడం తలుపు కమ్మి ఒక్కటే ఉలకలేదు. తక్కినదంతా పలికింది. తీర్పరిలాగా లేచి మోకాళ్ళు దులుపుకున్నాను.

“ఏమంటోంది?” అంది పుష్పవతి.

“కర్ర మంచిదే,” అన్నాను. అబద్ధమాడలేను కదా. “కాని బండి మనకి తగింది కాదు.”

మర్నాడు సూరయ్య వచ్చి ఇంజన్ చూశాడు. బస్సు డిపోలో మెకానిక్ ఆయన, శ్రీకాకుళం వైపు మనిషి. చెయ్యి పెట్టినంతసేపూ నోరు మూయడు. “వదినా, ఈ బండి నా పెద్దకూతురి కన్నా పెద్దది. అయినా దానికున్నంత రోగం దీనికి నేదు,” అన్నాడు. ఆఫీసరుకి ఓడ టికెట్టు మే ఆఖరుకి. నచ్చేదాకా తోలి చూసుకొమ్మని తాళం ఇచ్చేశాడు.

తోలి చూడ్డం నా వంతు. వర్క్‌షాప్ లారీ అప్పుడప్పుడు నడుపుతాను, లైసెన్సుంది. గంపలో రంపపు పొట్టు పోసి, ముప్ఫై గుడ్లు పేర్చి, ఒళ్ళో పెట్టుకుని పుష్పవతి పక్కన కూర్చుంది. డాలీగంజ్ నుంచి జంగ్లీఘాట్ మీదుగా హడ్డో మెస్సు దాకా. జనం ఆగి చూశారు. గాలి మొహాన కొడుతుంటే, నిజం చెప్పాలి, నాకు బాగుంది. బాగుందని తెలియగానే భయమూ వేసింది. ఇంత సంతోషం పెట్టే వస్తువు మంచిదై ఉంటుందా?

సందు దగ్గర గంప విప్పి చూస్తే పదకొండు పగిలాయి. ఆవిడ చీర ఒడి పచ్చసొనతో తడిసింది.

“చూశావా,” అన్నాను. నా గొంతులో తేలిక నాకే వినపడింది. “స్ప్రింగులు గట్టివి. ఇవి గుడ్ల కోసం చేసిన బండ్లు కావు.”

పుష్పవతి పగిలినవి ఒక పక్కకి తీసింది. “జంగ్లీఘాట్ మలుపులో రోడ్డుకి మధ్యలో పోనిచ్చారేం?”

“ఎందుకు, ఏమైంది?”

“అక్కడ మూడు గుంతలున్నాయి. ఎడమ పక్కకి రావాలి. డెలానీపూర్ ఎత్తులో కుడి పక్క కంకర లేచిపోయింది, అక్కడా ఎడమకే. పదహారేళ్ళ నుంచి నెత్తిన గుడ్లు పెట్టుకుని ఈ రోడ్డు మీద నడుస్తున్నాను.” చీర దులుపుకుంది. “బండిదేం తప్పు లేదండీ. మీరు గుడ్లతో ఎప్పుడూ నడవలేదు, అంతే.”

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది.

మర్నాటినుంచి సూరయ్య ఆవిడకి నేర్పడం మొదలెట్టాడు. సాయంత్రాలు డాలీగంజ్ మైదానంలో. ఊళ్ళో సగంమంది గట్టుమీద చేరేవారు. మొదటి రోజు బండి మూడడుగులు వేసి కప్పలా గెంతి ఆగింది.

“దీదీ, గుడ్డు పెట్టిందా?” అని ఎవరో అరిచారు.

“పెట్టలేదు భయ్యా, పొదుగుతోంది. నువ్వొచ్చి కూర్చుంటావా?” అని ఆవిడ సీట్లోంచే బదులిచ్చింది. గట్టంతా గొల్లుమంది.

మా పెద్దమ్మాయి సంతోషకుమారికి పదహారేళ్ళు. సిగ్గుతో చచ్చిపోతున్నానని రెండు రోజులు ఇంట్లోంచి రాలేదు. మూడో రోజు మైదానంలో మొట్టమొదట నిలబడింది తనే. “అమ్మా, క్లచ్ మెల్లగా, ఆహిస్తా ఆహిస్తా!” అని అరుస్తోంది.

ఆదివారం దేవకుమార్ నన్ను పక్కకి పిలిచాడు. ఆయన మొహం ముడుచుకుని ఉంది.

“శనివారంలోగా బయానా ఇవ్వాలి. వేరేవాళ్ళు అడుగుతుంటే నీ మాట పట్టుకుని పంపేశాను. ఇక్కడ చూస్తే చెల్లెమ్మ మైదానంలో సర్కస్ చేస్తోంది. తలకాయకి ఎండ, ఆడమనిషికి స్టీరింగు. నలుగురూ నవ్వుతున్నారు జీవరాజూ. నువ్వు మాటిచ్చిన మనిషివి.”

అదే నన్ను తినేస్తున్నది. అవునంటే అవును, కాదంటే కాదు అని నేర్చుకున్నవాణ్ణి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎవరికైనా పీట చేసిస్తానన్నా చేసిచ్చాను. ప్రార్థనలో కూర్చుంటే ఆ మాటే ముల్లులా గుచ్చుకుంటోంది. దేవా, ఇచ్చిన మాట తప్పమంటావా అని అడిగాను. జవాబు రాలేదు. అప్పుడప్పుడు రాదు.

గురువారం సెలవు పెట్టాను. ముప్ఫై గుడ్లు గంపలో పేర్చాం. ఈసారి ఆవిడ తోలింది, నేను పక్క సీట్లో కూర్చుని గంప పట్టుకున్నాను. ముందు అద్దానికి లెర్నర్ బోర్డు కట్టి ఉంది. మెల్లగానే పోయింది. జంగ్లీఘాట్ మలుపు రాకముందే ఎడమకి జరిగింది. ఎత్తుమీద లేచిన కంకరని తప్పించుకుంటూ పోయింది. ఒకచోట రోడ్డు సాఫుగానే కనిపిస్తున్నా బండి ఆపినంత పని చేసి దాటించింది.

“ఇక్కడేముంది?”

“వానాకాలంలో కింద తూము కుంగింది. పైకి కనపడదు.”

నేను ఈ రోడ్డు మీద లారీలో వందసార్లు తిరిగాను. ఆ తూము సంగతి నాకు తెలియదు.

మెస్సు దగ్గర ఆ చిన్న కారు సందులోకి చీపురుపుల్ల సీసాలోకి దిగినట్టు దిగింది. రెండు పక్కలా బెత్తెడు చోటుంది. వంటింటి గుమ్మం ముందు ఆగింది. గంప మీద గుడ్డ తీయడానికి నాకు చేతులు రాలేదు. ఆవిడే తీసింది. ఒక్కటీ పగల్లేదు. ఆవిడ మళ్ళీ గుడ్డ కప్పి, “పదండి, కోళ్ళకి నీళ్ళు పెట్టలేదు,” అంది.

తిరిగి వస్తూ అడిగాను. పద్ధెనిమిదేళ్ళుగా ఎవరినీ అడగని మాట.

“పుష్పా, ఆ వాక్యంలో ఇల్లాలు పొలం కొన్నది కదా. మొగుణ్ణి అడిగే కొన్నదంటావా?”

ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “ముందు పొలం చూసిందని ఉందిగా. ఎవరు చూశారో వాళ్ళు కొన్నారు. ఆయన చూడలేదేమో.” గేరు మార్చింది. “అడిగే ఉంటుందిలెండి. సాయంత్రం నాతో రండి, చూపిస్తాను అని.”

ఆ సాయంత్రం దేవకుమార్ కొట్టుకి వెళ్ళాను. బేరాలు అయ్యేదాకా ఆగాను.

“అన్నా, మీకొక మాటిచ్చాను. అది నాది కాదు. అది మా ఆవిడది. నాది కానిది ఇచ్చాను కాబట్టి వెనక్కి తీసుకోడానికి వచ్చాను. వేరేవాళ్ళని పంపేసినందుకు క్షమించండి. వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళి చెప్తాను.”

“సంఘంలో ఏమంటారో తెలుసా?”

“మొగుడికి మాట నిలకడ లేదంటారు.”

“అంటారు.”

“అననివ్వండి. నిజమే కదా, తొందరపడ్డాను.”

ఆయన త్రాసులో రాళ్ళు తీసి పక్కన పెట్టాడు. “వాళ్ళుండేది ప్రేమ్‌నగర్‌లో. చీకటి పడకముందే వెళ్ళు,” అన్నాడు. రెండడుగులు వేశాక వెనకనుంచి, “ఏయ్ జీవరాజూ, మా ఇంట్లోనూ కోళ్ళున్నాయి. మా ఆవిడ అడగమంది. పదమూడో ఇల్లు పనికొస్తుందా?” అని వినపడింది.

అమ్మకం కాగితం మీద పుష్పవతి తెలుగులో సంతకం చేసింది. ఆఫీసరు తాళం నా చేతికి ఇవ్వబోయి, చెయ్యి అటు తిప్పి ఆవిడకిచ్చాడు. పుచ్చిన తలుపు కమ్మి తీసేసి పడౌక్ కర్రతో కొత్తది చేశాను. ఆ ఎర్రకర్ర ఆ బండికి నప్పింది. పడవల తెరచాప గుడ్డతో టాపు కుట్టించాం. పక్క సీటు మీద వల కట్టి, గుడ్ల గంపలు ఊయలలా వేలాడే ఏర్పాటు చేశాను. మే ఆఖరుకి లైసెన్సు చేతికొచ్చింది.

జూన్ ఒకటిన కుండపోత వాన. టాపు మూడుచోట్ల కారింది. ఆవిడ తడిసి ముద్దయి తిరిగొచ్చింది. “రెండు,” అంది. రెండే పగిలాయి. పదిరోజుల్లో ఒక్కరోజు కూడా అయిదు దాటలేదు. పదకొండో రోజు మేనేజరు రోజుకి రెండువందలు పంపమన్నాడు. చర్చికి మాత్రం మేమిద్దరం కారులో వెళ్ళేవాళ్ళం, పిల్లలు ముగ్గురూ మామూలుగానే నడిచి వచ్చేవారు. మాకన్నా ముందే చేరి, గేటు దగ్గర నిలబడి నవ్వేవారు కూడా.

జూన్ మూడో వారంలో ఒక శనివారం వాన తెరిపిచ్చింది. పుష్పవతి చిన్న గంపలో గుడ్లు పేరుస్తోంది.

“పొద్దున్నే మెస్సుకి ఇచ్చొచ్చావుగా, ఇవెవరికి?”

“వండూరు వెళ్దాం. యర్రమ్మత్త దగ్గరికి.”

యర్రమ్మ మా పాత పొరుగు. మేం డాలీగంజ్‌లో కొత్తగా గుడిసె వేసుకున్నప్పుడు, పొదుగుడు కోడినీ దాని కిందికి పన్నెండు గుడ్లనీ మా ఆవిడకి బదులిచ్చిన మనిషి. మా కోళ్ళన్నీ ఆ పన్నెండింటి సంతానమే. ఆ గుడ్లు పిల్లలయ్యాక కోడిని తిరిగిచ్చేశాం. గుడ్లు ఇచ్చేలోపు ఆవిడ పెనిమిటి అసిరయ్యకి వండూరులో పడవ పని దొరికి కాపురం అక్కడికి మార్చారు. అప్పట్నుంచీ ఏటా ఒకసారి పుష్పవతి పన్నెండు గుడ్లు పట్టుకుని బస్సెక్కడం, ఆ రోడ్డు దెబ్బకి మూడో నాలుగో పగలడం. యర్రమ్మ మిగిలినవి వండి మాకే పెట్టేది. బాకీ కింద మాత్రం జమ కట్టేది కాదు. “నానిచ్చినవి పన్నెండే. బాగున్నవిచ్చాను. బాగున్నవి పన్నెండూ ఒక్కపాలి తేవే,” అనేది. పదహారేళ్ళు అదొక వేళాకోళం అయిపోయింది. పుష్పవతి మాత్రం నవ్వుతూనే నొచ్చుకునేది.

వండూరు రోడ్డు ఆవిడ నడిచిన రోడ్డు కాదు. గుంతలు ఎక్కడున్నాయో తెలియదు. అందుకే గంప వలలో పెట్టకుండా నా ఒళ్ళో పెట్టింది. టాపు తీసేశాం. రెండు పక్కలా అడవి తడిగా వాసన కొడుతోంది. నేను రోడ్డు మీదే కళ్ళు పెట్టి, “ఎడమకి… కొంచెం కుడికి… మెల్లగా,” అని చెబుతూ వచ్చాను. నేను చెప్పినట్టల్లా ఆవిడ తిప్పింది.

యర్రమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. బండిని చూసి చెయ్యి నడుం మీద వేసుకుంది.

“ఓలమ్మ, ఇదేటే! తొట్టిలో కూకుని వచ్చీసినారేటి, మొగుడూ పెళ్ళామూనూ?”

“గుడ్లు తెచ్చాను అత్తా.”

“ఈ ఏడు ఎన్ని సచ్చినాయి?”

పుష్పవతి గంప అరుగుమీద పెట్టింది. యర్రమ్మ ఒక్కొక్క గుడ్డే తీసి, ఎండకెత్తి చూసి, చెవి దగ్గర ఆడించి, చేటలో పెట్టింది. చివరిదాన్ని కాస్త ఎక్కువసేపు పట్టుకుంది. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పమిటతో ఆ గుడ్డుకంటిన పొట్టు తుడిచింది.

“బాకీ తీరిపోనాది,” అంది. లోపలికి తిరిగి మొగుణ్ణి కేకేసింది. “ఓ మావా, ఆ నల్లపెట్ట పొదుగు మీదుందా? ఈటిని దాని కిందెట్టాల, బుట్ట ఇలగట్రా!”